చేతులు పలుకు మాట

(ధ్యాన భాగములు: మత్తయి 8:1-15; గలతీయులకు 2:11-14)



మత్తయి సువార్త 8వ అధ్యాయములో మొదటి పదునైదు వచనములను నెమ్మదిగా చదివినయెడల మూడు స్వస్థతలు ఒకదాని ప్రక్క ఒకటి కనబడును. ప్రభువు కొండ దిగి వచ్చుచుండగా ఒక కుష్ఠరోగి ఎదురుపడెను. ఆయన తన చేతితో ఆ రోగి శరీరమును తాకెను. కపెర్నహూములో ఒక శతాధిపతి తన దాసుని కొరకు వేడుకొనగా, ఆయన ఆ యింటికి పోకయే, ఆ దాసుని కంటితో చూడకయే, ఒక్క మాటతో బాగుచేసెను. పిమ్మట పేతురు అత్త జ్వరముతో పడియుండగా ఆమె చేతిని తాకెను, జ్వరము దిగిపోయెను.

మధ్యనున్న స్వస్థత మనలను ఆలోచింపజేయుచున్నది. దూరమునుండి పలికిన మాట చాలునని తెలిసినప్పుడు కుష్ఠరోగిని తాకవలసిన పని యేమి? రోగము పోవుటకు చేయి అవసరము లేదు. శతాధిపతి దాసుడే దానికి సాక్షి. అయినను ప్రభువు తాకెను. మార్కు ఈ సంగతినే వ్రాయుచు, ఆయన హృదయము జాలితో కదలెననియు, ముందు చేయి తగిలి తరువాత మాట వెలువడెననియు, ఆ మాట పిమ్మటనే రోగము విడిచెననియు వరుసగా తెలియజేయుచున్నాడు. అనగా ప్రభువు చేయి తగిలిన క్షణమున అతడింకను కుష్ఠరోగియే. బాగుపడిన తరువాత ముట్టుకొనుట ఎవరికైనను సాధ్యమే గదా!

లేవీయకాండము 13వ అధ్యాయము ప్రకారము అట్టివాడు బట్టలు చింపుకొని, పెదవి కప్పుకొని, తాను అపవిత్రుడనని తానే కేకవేయుచు పాళెము వెలుపల ఒంటరిగా ఉండవలెను. అతనికి రెండు బాధలు ఉండెను. ఒకటి చర్మమునకు పట్టినది. రెండవది మనుష్యులు తొలగిపోవుటవలన కలిగినది. మొదటి దానికి మాట చాలును. రెండవ దానిని మాట మాన్పలేదు. ఎన్ని యేండ్లుగానో ప్రతివాడును వెనుకకు వేసిన అడుగును చూచి చూచి, ‘నీవు మాలో ఒకడవు కావు’ అని అతడు నేర్చుకొనియుండెను. ఆ పాఠమును చెరిపివేయుటకు ఒక చేయి ముందుకు రావలసివచ్చెను.

మనము పలుకు ప్రతి వ్యర్థమైన మాటకును లెక్క చెప్పవలెనని మత్తయి 12వ అధ్యాయములో ప్రభువు హెచ్చరించెను. మనమందరము ఆ హెచ్చరిక నెరుగుదుము. అయితే నోరు పలుకని మాటల సంగతి యేమి? ముఖము చిట్లించుట, తల ప్రక్కకు త్రిప్పుకొనుట, బెంచీమీద కొంచెము జరిగి కూర్చుండుట, చేయి చాపక వెనుక పెట్టుకొనుట, వీటికి లెక్క కలదా, లేదా? ‘నేనేమియు అనలేదే’ అని మనము అనేక పర్యాయములు తప్పించుకొనుచుందుము. ఆ జవాబు దేవుని యెదుట నిలుచునా అను ప్రశ్నను ఈ నెల ఆలోచింతము.

లూకా 7వ అధ్యాయములో పరిసయ్యుడైన సీమోను ప్రభువును భోజనమునకు పిలిచెను. ఒక్క పరుష వాక్యమైన పలికినట్లు లేదు. అయితే కాళ్లకు నీళ్లు ఇయ్యలేదు, ముద్దుపెట్టుకొని ఎదుర్కొనలేదు, తలకు నూనె పూయలేదు. ప్రభువు ఊరకుండి దాటవేయక ఈ మూడింటిని ఒక్కొక్కటిగా ఆ బల్లయొద్దనే లెక్కించి చెప్పెను. కన్నీళ్లతో పాదములు తడిపిన స్త్రీ ఆ ఇంట ఒక్క మాటయు పలికినట్లు లూకా వ్రాయలేదు. అయినను ఆమె చెప్పినదంతయు ఆయనకు వినబడెను. చేయని సన్నను, పలుకని మాటను వినువాని యెదుట ‘నేనేమియు అనలేదు’ అను జవాబు చెల్లదని మాకు తోచుచున్నది.

మన పల్లెలలో ఈ భాష ఎరుగనివారెవరు? పొలములో పనిచేసినవాని కూలి డబ్బును చేతిలో పెట్టక, అరుగుమీద పెట్టి తీసికొమ్మనుట. గ్లాసు ఇచ్చుటకు మనసొప్పక, దోసిలి పట్టుమని ఎత్తునుండి నీళ్లు పోయుట. పోసినవాడు దాహము తీర్చితిననుకొనును. దాహము తీరిన మాట నిజమే. అయితే ఆ నీళ్లతోపాటు మరియొకటి వాని గొంతు దిగినది. ఈ పత్రికను చదువు మన సంఘములలో అనేకుల తాతలు, ముత్తాతలు అట్టి నీళ్లు త్రాగినవారే. భారత రాజ్యాంగము 17వ అధికరణము 1950లో అంటరానితనమును రద్దుచేసెను. 1955లో దానిని శిక్షార్హమైన నేరముగా చేయు చట్టము వచ్చెను. అటుతరువాత కూడ కాఫీ హోటళ్లలో రెండు విధములైన గ్లాసులు చాలకాలము నిలిచియుండెను. చట్టము తలుపు తెరపించగలదు గాని, ఎదుటివాడు లోపలికి వచ్చినప్పుడు మన ముఖము ఎట్లుండవలెనో అది శాసింపలేదు.

1878వ సంవత్సరము జూలై 3వ తేదీన ఒంగోలు సమీపమున వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. గొప్ప కరవు నడచిన కాలమది. ఈ సంఖ్యను మనవారు సంతోషముతో చెప్పుకొందురు. మేమైతే సంఖ్యకంటె ఆ పని జరిగిన రీతిని తలంచుచున్నాము. వారిలో అత్యధికులు ఊరివారు ముట్టనివారు. ముంచుటవలన ఇచ్చు బాప్తిస్మమును దూరమునుండి ఇచ్చుట ఎవనివలనను కాదు. బోధకులు ఆ దినమంతయు ఒక్కొక్కరిని పట్టుకొని నీటిలోనికి వంచి, మరల పైకి లేవనెత్తవలసివచ్చెను. ప్రసంగము సగము మరచిపోయినవారు కూడ తమ భుజముమీది ఆ చేతిని మరచియుందురా?

కుష్ఠరోగుల సంగతియు మన దేశములో ఇట్టిదే. 1915లో డాక్టరు ఇసబెల్ కెర్ దొరసాని నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠరోగుల వైద్యశాలను ఆరంభించినప్పుడు, ఊరు వెలివేసినవారికి అది ఇల్లాయెను. మంచి మందులు అప్పటికింకను రాలేదు. పుండ్లు కడిగి కట్టుకట్టు చేతులే పెద్ద వైద్యము. రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ దొరగారు ఒక సంగతి చెప్పుచుండెడివారు. ఒక రోగికి వైద్యము సంగతి వివరించుచు, ఆయన ఏమియు తలంపకయే అతని భుజముమీద చేయి వేసిరట. ఆ మనుష్యుడు వెక్కివెక్కి ఏడ్చెను. తానేమైన నొప్పించితినాయని డాక్టరుగారు ప్రక్కనున్నవారి నడుగగా, నొప్పి కాదు, ఎన్నో యేండ్లుగా తనను ఎవరును ముట్టలేదు గనుక ఏడ్చుచున్నాడని తెలిసెను. కుష్ఠు నరములను చంపును గనుక కాలినను, కోసికొనినను తెలియక రోగులు వ్రేళ్లు పోగొట్టుకొందురని లోకమునకు స్పష్టముగా చూపినవారిలో ఆయన ముఖ్యుడు. స్పర్శజ్ఞానము చచ్చిన శరీరములోనున్న మనుష్యుడు ఒక చేయి తన భుజముమీద పడినందుకు ఏడ్చెను. నరములకు తెలియనిది కూడ మనస్సునకు తెలియును గాబోలు.

1982 నుండి పలు మందులు కలిపి ఇచ్చు చికిత్స అమలులోనికి వచ్చినది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ మందులు ఉచితము. చికిత్స మొదలైన రోగివలన ఇతరులకు అంటదు. చేయి కలుపుటవలన, కలిసి భుజించుటవలన ఈ రోగము రాదు. ఇంత తెలిసిన తరువాత కూడ, క్రైస్తవుల వివాహములకు వర్తించు 1869 నాటి విడాకుల చట్టములో కుష్ఠురోగము విడాకులకు కారణముగా నిలిచియుండి, 2019లో మాత్రమే తొలగింపబడెను. మందు దొరికిన ముప్పదియేడేండ్లకు! శరీరము ఒకసారి నేర్చుకొనిన భయమును బుద్ధి అంత సులభముగా విడిపింపలేదు.

ఈ భయము అపొస్తలులను కూడ విడువలేదు. గలతీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయములో పౌలు, అంతియొకయలో జరిగినదానిని దాచక వ్రాసెను. పేతురు అక్కడ అన్యజనులలోనుండి వచ్చిన సహోదరులతో కలిసి భోజనము చేయుచుండెను. యెరూషలేమునుండి యాకోబు యొద్దనున్న కొందరు రాగానే, మెల్లగా వెనుకకు తగ్గి వేరైపోయెను. మిగిలిన యూదులును ఆలాగే చేసిరి. బర్నబా సహితము వారితో కొట్టుకొనిపోయెను.

ఇక్కడ గమనింపుడి. పేతురు తప్పుడు బోధ చేయలేదు. అన్యజనులు రక్షింపబడరని ప్రసంగింపలేదు. యొప్పేలో దర్శనము చూచినవాడు, కొర్నేలి ఇంట అడుగుపెట్టినవాడు ఆయనే. ఆయన చేసినదెల్ల ఒక బల్లయొద్దనుండి లేచి మరియొక బల్లయొద్ద కూర్చుండుట. పౌలు దానికి పెట్టిన పేరు వేషధారణ. సువార్త సత్యము ప్రకారము నడచుకొనలేదని అందరియెదుట ఆయనను నిలదీసెను. ఒక మనుష్యుడు ఎక్కడ కూర్చుండెనను దానిలో సువార్త సత్యమంతయు ఇమిడియున్నదని పౌలు ఎంచెను.

ఇట్టిది మన మధ్య జరుగుటలేదా? ఒకే మిషనువారు బోధించిన రెండు పల్లెలు, రెండింటను గుళ్లు. ఆ పల్లెలో గృహ ప్రార్థన పెట్టి ఈ పల్లెవారిని పిలుతురు. వీరు వత్తురు, కీర్తనలు పాడుదురు, వాక్యము విందురు, ‘వందనములండి’ అని చేతులు జోడింతురు. ఆకులు వేయు వేళకు ‘ఇప్పుడే తిని వచ్చితిమి’, ‘వంట్లో బాగులేదు’, ‘చీకటి పడుచున్నది’ అని ఒక్కొక్కరే చెప్పులు వెదకికొందురు. ఒక్క దుర్మాట పుట్టలేదు. అయినను అన్నము వండి ఎదురుచూచిన ఆ యింటి ఇల్లాలు గరిటె చేతపట్టుకొని నిలుచుండి అంతయు చదువుకొనును. ఆమె కొరకు పౌలు ఆ పత్రికలో నాలుగు వచనములు వ్రాసిపెట్టియున్నాడని మా నమ్మకము. యాకోబు కూడ తన పత్రిక 2వ అధ్యాయములో, బంగారు ఉంగరము పెట్టుకొనినవానికి మంచి చోటును, మాసిన బట్టలవానికి కాళ్లయొద్ద చోటును చూపు సంఘమును గద్దించెను. ఆ గద్దింపు పూర్వకాలపు సమాజమందిరములకే అని చదువుకొనుటకు మన గుళ్లలోని కుర్చీల వరుసలు ఒప్పుకొనవు.

ఇప్పుడొక అభ్యంతరము వచ్చును. అది తేలికైనది కాదు. ‘మనస్సులో ప్రేమ లేనప్పుడు చేయి చాచుట మాత్రము వేషధారణ కాదా? యూదా ఇస్కరియోతు ముద్దుపెట్టుకొనెను గదా! యాకోబు మేకపిల్లల చర్మము కప్పుకొని గ్రుడ్డివాడైన తండ్రిని మోసపుచ్చెను గదా! ఇస్సాకు తడవి చూచియు మోసపోయెను. కాబట్టి ముందు హృదయము మారనిండు, తరువాత చేయి దానంతట అదే వచ్చును’ అందురు.

చేయి అబద్ధమాడగలదని మేమును ఒప్పుకొనుచున్నాము. అయితే యూదా ముద్దులోని పాపము హృదయము లేకపోవుట మాత్రమేనా? ఎదుటివానిని పట్టించుటకు దానిని గురుతుగా వాడుకొనుట అందలి పాపము. యాకోబు తండ్రి స్పర్శను తన లాభమునకు వాడుకొనెను. ఇంకను మనసు పూర్తిగా ఒప్పకపోయినను, ఇది నా సహోదరునికి చెల్లవలసినదని యెరిగి వాని ప్రక్కన కూర్చుండి వాని చేతి అన్నము తినువాడు ఎవనిని మోసపుచ్చుచున్నాడు? తన మొండి హృదయమును కాళ్లతో ఈడ్చుకొనిపోవుచున్నాడు. మత్తయి 21వ అధ్యాయములోని ఇద్దరు కుమారులను జ్ఞాపకము చేసికొనుడి. ఒకడు నోటితో కాదనెను, తరువాత మనస్సు మార్చుకొని ద్రాక్షతోటకు పోయెను. రెండవవాడు ‘అయ్యా’ అని మర్యాదగా పలికి పోకయుండెను. తండ్రి చిత్తము ఎవడు చేసెనని ప్రభువు అడిగినప్పుడు ఆయన చూచినది నోటిని కాదు, కాళ్లను.

మరియు అంతియొకయలో సంగతి తలక్రిందులైయున్నది. అక్కడ పేతురు హృదయమునకు సత్యము తెలియును. వెనుకకు తీసినది శరీరము. హృదయము మారువరకు ఆగెదమనువారు ఈ కథను మరల చదువవలెను. మారిన హృదయము కూడ చాపని చేతిలో బందీయై కూర్చుండగలదు.

అయితే అందరిని ముట్టుకొనుడని మేము చెప్పుచున్నామని ఎవరును తలంపకుందురు గాక. చేయి పలుకు మాటను వినుటకు ఎదుటివారికి ఇష్టమున్నదా అనునది ముందు తెలిసికొనవలసిన సంగతి. ప్రభువు గ్రుడ్డివాడైన బర్తిమయిని ఏమి కావలెనని అడిగెను. బేతెస్ద కోనేటియొద్ద ముప్పది యెనిమిదేండ్ల రోగిని సహితము స్వస్థపడ కోరుచున్నావా అని అడిగెను. పునరుత్థానమైన తరువాత మగ్దలేనే మరియను తన్ను పట్టుకొనవద్దనెను. అదే అధ్యాయములో తోమాను చేయి చాపి గాయములు తాకుమని పిలిచెను. ఒకే స్పర్శ ఒకరికి కూడదు, ఒకరికి కావలెను. మార్కు 7వ అధ్యాయములోని చెవిటివానిని ఆయన జనసమూహములోనుండి ఏకాంతమునకు తోడుకొనిపోయి, చెవులలో వ్రేళ్లుంచి, నాలుకను తాకి, ఆకాశమువైపు చూచెను. చెవి వినబడనివానికి వానికి తెలిసిన భాషలోనే, పదిమంది కన్నులు వానిమీద పడకుండ, తాను చేయబోవుదానిని చెప్పెను. ఎంత మర్యాద!

పేరుగల బోధకులైనను ఈ మర్యాద నేర్వవలెను. తలమీద చేయియుంచి ప్రార్థింపవచ్చునా అని స్త్రీలను అడుగుట చిన్నతనము కాదు. కుటుంబమువారు ఎదుటనుండగా ప్రార్థించుట మేలు. బిడ్డ ముడుచుకొనిపోయినయెడల ఆ ముడుచుకొనుటయు ఒక మాటయే. దానిని వినకపోవువాడు ఎంత దీర్ఘముగా ప్రార్థించినను మా దృష్టికి చెవిటివాడే. లైంగిక నేరములనుండి బాలలను కాపాడు చట్టము 2012లో వచ్చెను. అది గుడి గోడల లోపలను అమలులో ఉన్నదని సంఘ పెద్దలు మరువరాదు.

2020లో కరోనా వచ్చినప్పుడు మనము చేతులు కలుపుట మానితిమి. దూరముగా నిలుచుటయే అప్పుడు ప్రేమయైయుండెను. అందులో తప్పు లేదు. అయితే ఆ కాలమున ఆసుపత్రులలో తమవారి చేయి అందక కన్నుమూసినవారి ఇండ్లలో, ఆ దుఃఖమునకు ప్రత్యేకమైన బరువున్నదని పరామర్శకు పోయినవారు ఎరుగుదురు.

మన ఊళ్లలో ముసలివారి సంగతి కూడ చెప్పవలెను. పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫులోనో, అమెరికాలోనో ఉందురు. సాయంకాలము ఫోనులో ముఖము కనబడును, మాట వినబడును. అది దేవుని దయయే. అయితే తలకు నూనె రాచి చిక్కుతీయు చేయి ఫోనులోనుండి రాదు. ఏండ్ల తరబడి పిల్లలను మోసి, నాట్లు వేసి, పేడ ఎత్తి అరిగిన ఆ చేతులను వారానికొకసారియైన ఎవరైన పట్టుకొందురా? సంఘపు స్త్రీల సమాజమువారు దర్శించుటకు పోయినప్పుడు వాక్యము చదివి ప్రార్థించి లేచిపోవుటకు తొందరపడుచుందురు. కొంతసేపు మంచము పట్టెమీద కూర్చుండుట కూడ దర్శనములో భాగమే.

యోబు ముగ్గురు స్నేహితులను మనము సామాన్యముగా నిందింతుము. వారు మొదట చేసినది మాత్రము మంచిది. ఒళ్లంతయు కురుపులతో బూడిదలో కూర్చున్న స్నేహితుని చూచి ఏడ్చి, ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితోకూడ నేలమీద కూర్చుండిరి. ఒకడును నోరు తెరవలేదు. యోబు నోరు తెరచిన తరువాత వారును తెరచిరి. అటుతరువాత జరిగినది మీరెరుగుదురు. వారి మాటలవలన దేవునికి వారిమీద కోపము వచ్చెనని చివరి అధ్యాయములో ఉన్నది. ఆ ఏడు దినముల మౌనమును గూర్చి మాత్రము దేవుడు ఏ తప్పును ఎంచలేదు.

19వ అధ్యాయములో యోబు చెప్పుకొనిన దుఃఖమును చదువుడి. సహోదరులు దూరమైరి, బంధువులు రాక మానిరి, ఇంటి దాసి పరునిగా ఎంచెను, తన ఊపిరి భార్యకే అసహ్యమాయెను. పుండ్ల బాధకంటె ఈ తొలగిపోవుటను గూర్చియే అతడు ఆ అధ్యాయములో ఎక్కువగా మాటలాడెను. 42వ అధ్యాయములో అతని స్థితి మరల చక్కబడినప్పుడు గొఱ్ఱెలను, ఒంటెలను, ఎద్దులను, గాడిదలను లెక్కపెట్టి వ్రాసిన వచనమును మనము త్వరగా పట్టుకొందుము. దానికి ముందటి వచనమున, 11వ దానిలో, మరియొకటి ఉన్నది. తొలగిపోయిన సహోదరులును, అక్కచెల్లెండ్రును, పూర్వపు పరిచయస్థులందరును అతని యింటికి వచ్చి, అతనితో కూర్చుండి అన్నము తినిరి.